కాపలావాడి కారవాన్‌లో అలారం

లింబాద్రి కారవాన్‌లోని పొగ అలారం నుంచి బ్యాటరీ పీక్కుపోయింది సూపర్‌వైజర్ తిరుపాలు. ప్రపంచకప్ చూడ్డానికి వచ్చే విదేశీయుల కోసం అల్ షహానియా అనే ఊరి అవతల ఎడారి ఇసుకలో కారవాన్లు, చక్రాల మీది ఆ ఇళ్ళు, బారులుగా నిలబెట్టారు. తనిఖీవాళ్ళు గేటు దాకా వచ్చాక ఒకదానికి బ్యాటరీ తక్కువైందని తేలింది.

"నీకెందుకప్పా ఇది? కాపలావాడివి, మేలుకొనే ఉంటావు కదా! రేపు కొత్తది పంపిస్తాలే" అని నవ్వాడు తిరుపాలు.

తర్వాత సంచెడు బ్యాటరీలు వచ్చాయి. అన్నీ అతిథులకే.

ఇంకొకడైతే మర్చిపోయేవాడు. అంతకుముందు ఉన్న కూలీల క్యాంపులో ఓసారి పరుపు అంటుకుని గదంతా పొగ కమ్మింది. లింబాద్రి పాక్కుంటూ బయటపడ్డాడు. పక్క మంచం మీది నాగప్ప లేవలేదు. ఆ గదిలోనూ అలారం ఉండేది. పోపు పెట్టినప్పుడల్లా మొత్తుకుంటోందని గదివాళ్ళే దాని బ్యాటరీ తీసి పారేశారు.

ఇంటినుంచి ఫోన్ వస్తే "దుబాయ్‌ల కప్పు ఆట చూస్తవా?" అని అడిగేవారు. వాళ్ళకు అరబ్బు దేశాలన్నీ దుబాయే. ఆటగాళ్ళ మాట అటుంచి, అక్కడికి వచ్చే మనిషే ఒక్కడు, నీళ్ళ ట్యాంకర్ నడిపే జగిత్యాల గయాజ్.

గయాజ్ ఎప్పుడొచ్చినా లింబాద్రి ఏదో ఒక ఖాళీ కారవాన్‌లో అలారం మీట నొక్కి వింటూ ఉండేవాడు. కూత నీరసంగా ఉంటే బ్యాటరీ తీసి నాలుక కొనకు ఆనించేవాడు. చుర్రుమంటే అందులో ఇంకా ప్రాణం ఉన్నట్టు. లేకపోతే కొత్తది వేసేవాడు. తను మాత్రం బయట గాలిలో వండుకుని ఇసుక పడ్డ అన్నం తినేవాడు, తలుపు బార్లా తీసి చలిలో పడుకునేవాడు.

"సంచెడు బ్యాటరీలు మెడల ఏసుకొని ఊరేగుతవ్. నీదాన్ల ఒకటి ఏసుకోరాదా కాకా?" అని ఎగతాళి చేశాడు గయాజ్.

"ఒకటి తీస్తే ఒక బండి మూగదైతది. అండ్ల ఎవడు పంటడో."

"వచ్చేటోళ్ళు నీ చుట్టాలా?"

"నాగప్ప నా చుట్టమా?"

గయాజ్ నీళ్ళ పైపు చుట్టుకున్నాడు. మరుసటి ట్రిప్పుకు ఉమ్ ఘువైలినా బజారులో ఒక కొట్టునుంచి బ్యాటరీ కొనుక్కొచ్చాడు. లింబాద్రి దాన్ని నాలుకకు ఆనించుకుని, చుర్రుమనగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు. అలారంలో బిగించాడు. పొయ్యి లోపలికి తెచ్చి, తలుపు మూసి, కాగిన నూనెలో ఎండుమిరపకాయలు వేశాడు.

చెవులు చిల్లులు పడేలా అరిచింది అలారం. గయాజ్ దగ్గుకుంటూ తువ్వాలు అందుకుని దాని కింద విసరబోయాడు. ఆ మర్నాడే అతన్ని లుసైల్ వైపు డ్యూటీకి మార్చారు. మళ్ళీ ఆ ఇద్దరూ కలుసుకోలేదు.

"ఇసరకు భాయ్, ఒర్రనియ్యి" అన్నాడు లింబాద్రి అప్పుడు ఆ పొగలోనే, ఘాటుకు కారుతున్న కళ్ళు తుడుచుకుంటూ. "నేను సస్తనేమోనని ఇంతగనం ఒర్రేది ఈ దేశంల ఇదొక్కటే."