యాడికి అని అడగని ఊరు

ఇప్పుడంటే ఫోన్లో నాలుగుసార్లు వేలితో గీకితే ఏ దేశంలో ఎంత ఎండ కాస్తుందో, ఏ కంపెనీ మంచిదో, ఏది ముంచేదో అన్నీ చెప్పేస్తుంది గానీ, నేను విదేశం పోవాలని ఎగిరెగిరిపడిన రోజుల్లో మా మైపాడులో దేశాలన్నీ ఒక్కటే. వాటన్నిటికీ కలిపి 'ఆ పక్క' అని పేరు. ఫలానావాడు ఆ పక్కకి పోయినాడు అంటే చాలు, ఇక వాడి పెళ్ళికి, పేరుకి ఢోకా లేదు. నాకు పెళ్ళి తొందర లేదు గానీ, పేరు తొందర మాత్రం నిండా ఉండేది. ఎందుకంటే నా పేరు అప్పటికే చెడిపోయి ఉండింది.

ఆ కథ చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మాది తరతరాలుగా చేపల వేట మీద బతికిన ఇల్లు. మా నాయన, మా అన్న, మా తాతలు అందరూ బోటు మీద పుట్టి పెరిగినట్టే ఉంటారు. నాకు మాత్రం సముద్రం పడదు. పదహారో ఏట మా నాయన నన్ను మొదటిసారి బోటెక్కించుకొని పోతే, మూడో అలకే పొద్దున తిన్న చద్దన్నం బయటికి వచ్చేసింది. ఆ తర్వాత ముందు రోజు రాత్రి తిన్నది. ఆ తర్వాత ఏమొచ్చిందో నాకు తెలియదు గానీ, ఇంక రావడానికి ఏమీ లేకపోయినా వస్తానే ఉండింది. పాపం మా నాయన వల కూడా వెయ్యకుండా బోటు తిప్పినాడు. ఒడ్డున ఇసుకలో బొక్కబోర్లా పడి, "నాయనా, నేను ఒడ్డునే ఉంటా, ఒడ్డునే ఉంటా" అని ఏడ్చినానంట. అంతే, సాయంత్రానికి నా పేరు 'ఒడ్డుగాడు' అయిపోయింది. చెడిపోయింది అంటే చిన్నమాట, అమ్మ పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లా.

ఒడ్డుగాడు కాబట్టి ఒడ్డు పనే చూసుకున్నాను. ఊరి వెనక రొయ్యల గుంటల కాడ మేత వేసే పనిలో చేరినాను. నిజం చెప్పాలంటే ఆ పని నాకు బాగా నచ్చింది. మేత పళ్ళెం నీళ్ళలోంచి పైకి తీసి, రొయ్య ఎంత తినింది, ఎంత వదిలింది చూసి, దాని ఆరోగ్యం ఎట్టా ఉందో చెప్పేసేవాణ్ణి. అయినా ఏం లాభం? వల కట్టుకుంటా కూర్చున్న ముసలోళ్ళు కూడా, "ఏరా ఒడ్డుగా, ఇయ్యాల గుంటలో అలలు పెద్దగా ఉన్నాయంటనే, కక్కుకున్నావా?" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. ఈ ఊరు దాటి, సముద్రం దాటి, ఒక పెద్ద మనిషిలాగా తిరిగొచ్చి వీళ్ళ నోళ్ళు మూయించాలని నాకు రోజూ అనిపించేది.

సరిగ్గా అప్పుడు దిగినాడు సెంటు బావ. వరసకి బావ. ఆ పక్క ఎనిమిదేళ్ళు ఉండి వచ్చి, చెన్నైలో ఏదో ఆఫీసు తరఫున మనుషుల్ని పంపిస్తా ఉండేవాడు. ఎండుచేపల దిబ్బ పక్కన నిలబడినా ఆయన కాడ సెంటు వాసనే వచ్చేది (ఎండుచేపలతో పోటీపడి గెలిచే సెంటు ఎంత గట్టిదై ఉండాలో ఆలోచించుకోండి). నా భుజం మీద చెయ్యేసి, "రేయ్, మంచి పని ఒకటుంది. చేపల పనే. నువ్వు వేట ఇంట్లో పుట్టినోడివి, నీకు చెప్పేదేముంది" అన్నాడు. నేను తల ఊపినాను. "పాస్‌పోర్టు ఇయ్యి, మెడికల్‌కి రా" అన్నాడు. మళ్ళీ ఊపినాను. ఏ దేశం, ఏం పని, ఎన్నేళ్ళు అని మాత్రం నేను అడగలా.

ఎందుకు అడగలేదా? అదీ మా ఊరి మహత్యం. తెలుగు దేశంలో యాడైనా బయలుదేరే మనిషిని 'ఎక్కడికి' అని అడగడం మంచిది కాదంటారు. మా ఊళ్ళో అయితే అది పెద్ద నేరం. వేటకి పోయే మనిషి సముద్రం నోట్లో తల పెట్టి వస్తాడు. వాణ్ణి 'యాడికి' అని అడిగినారంటే ఆ పూట వేట పోయినట్టే. బోటు నీళ్ళలోకి తోసిన తర్వాత అడిగినా సరే, వెనక్కి లాగేసి, ఇంటికొచ్చి, కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ బయలుదేరాల్సిందే. అందుకని మా పిల్లలు మాటలు నేర్చేటప్పుడే ఆ మాట మింగడం కూడా నేర్చుకుంటారు. ఇంక దేశం దాటే మనిషి విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో చెప్పాలా? నేను పోతా ఉండానని తెలిసినప్పటి నుంచి ఊరు ఊరంతా పళ్ళు బిగబట్టుకుంది. నేనేమో నేనడిగినా చెడేది నా ప్రయాణం శకునమే కదా అని సెంటు బావని అడగకుండా నేను కూడా బిగబట్టుకున్నాను. ఒకే ఒకసారి ధైర్యం చేసి, "దూరమా బావా?" అన్నాను. ఆయన సముద్రం వైపు చెయ్యి ఊపి, "అదో, ఆ పక్క" అన్నాడు. మా సముద్రం తూర్పున ఉంది కదా, సరే తూర్పు దేశం కామోసు అనుకున్నాను.

ఇంక చూడండి నా భోగం. ఎవరింట్లో పులుసు కాగినా నాకు పిలుపే. ఒక ఇంట్లో వంజరం వేపుడు, ఇంకో ఇంట్లో బొమ్మిడాయిల పులుసు, మూడో ఇంట్లో పీతల కూర. యాడికో అడక్కుండా యాడికో తెలుసుకోవాలని వాళ్ళు పడే అవస్థ చూడాలి. "చలిగా ఉంటదా అబ్బయ్యా?" అని ఒకరు. "ఉండచ్చు" అనేవాణ్ణి. "ఎండ బాగా కాస్తదేమో?" అని ఇంకొకరు. "కాయచ్చు" అనేవాణ్ణి. దాంతో మా అవ్వ (మా నాయన వాళ్ళమ్మ) రెండు దేశాలకీ కలిపి పెట్టె సర్దింది. ఒక కోతి టోపీ, రెండు మఫ్లర్లు, ఒక ఉన్ని చొక్కా, వాటి మీద విసనకర్ర, గొడుగు, చెమటకాయల పౌడరు, రెండు కేజీల ఎండు నెత్తళ్ళ చేపలు. "ఏ దేశమైనా తట్టుకుంటావు పోరా" అని పెట్టె మీద కూర్చుని మూత వేసింది.

నవ్వుతున్నారు గానీ, లోపల నా ప్రాణం ఉగ్గబట్టుకొని ఉండింది. నాకు భయం. పచ్చిగా చెప్తున్నా, భయం. 'ఆ పక్క'కి పోయి ఒంటి మీద గుడ్డతో తిరిగొచ్చిన మనుషుల కథలు విని ఉండాను. పాస్‌పోర్టు లాక్కుంటారంటారే, అది జరిగితే ఎట్టా? ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు? వద్దు అని చెప్పాలంటే ఇన్ని పులుసులు తిన్న నోటితో ఎట్టా చెప్పేది? మెడికల్‌లో తప్పితే మర్యాదగా తప్పించుకోవచ్చని, బీపీ పెరగాలని పొద్దున్నే ఉప్పుచేప నాలుగు ముక్కలు ఎక్కువ తినిపోయినాను. ఆ డాక్టరమ్మ పట్టీ చుట్టి, విప్పి, "ఎద్దులాగా ఉన్నావయ్యా" అనింది. జీవితంలో మొదటిసారి పరీక్ష పాసయ్యి ఏడ్చిన రోజు అది. ఇంటికొచ్చి ఎవరన్నా అడుగుతారేమోనని ఒక్కొక్కరి మొహంలోకి చూసేవాణ్ణి. మా నాయన మొహం తిప్పుకునేవాడు. మా అన్న వల సర్దుకునేవాడు. మా వదిన మాత్రం నన్నే చూస్తా ఉండేది.

బయలుదేరే రోజు రానే వచ్చింది. పొద్దున ఏడు గంటల బస్సుకి నెల్లూరు, అక్కడి నుంచి చెన్నై. వీసా, టికెట్టు అక్కడి ఆఫీసులో చేతికిస్తామన్నారు. బస్సు కాడికి వీధి వీధంతా వచ్చింది. పెట్టె బస్సెక్కింది. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టినాను. అప్పుడు వచ్చింది మా వదిన, పెరుగన్నం పొట్లం పట్టుకొని పరిగెత్తుకుంటా. మా వదిన పుట్టిల్లు సంగం. పెన్నలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) వేసుకొని చేపలు పట్టే కుటుంబం, ఏటి ఒడ్డు మనిషి. ఆయాసపడతా వచ్చి, పొట్లం నా చేతిలో పెట్టి, వీధికంతటికీ వినపడేటట్టు అడిగింది:

"ఇంతకీ యాడికి అబ్బయ్యా పోతా ఉండేది?"

మా అవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని, "ఓయమ్మో! ఏట్లో చేపలు పట్టేదానికి సముద్రం సంగతేం తెలుసే! కొంప ముంచినావు గదే!" అని ఎత్తుకుంది. మా అన్న తల దించుకున్నాడు. బస్సు డ్రైవరన్న (ఆయన పద్దెనిమిదేళ్ళుగా మా రూటే) స్టీరింగు మీంచి చెయ్యి తీసి, "దిగబ్బాయ్, దిగు. కూర్చుని నీళ్ళు తాగి తొమ్మిదింటి బండికి రా. ఆ మాట పడినోణ్ణి నేను ఎక్కించుకోను" అన్నాడు. కండక్టరు తన చేత్తో పెట్టె దింపి రోడ్డు మీద పెట్టినాడు. బస్సు పోయింది. అది పోతా ఉంటే నాకు ఎంత హాయి అనిపించిందో చెప్తే నమ్మరు. ఊరేగింపులాగా అందరం ఇంటికొచ్చినాం.

అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చినారు. గ్లాసు ఎంత మెల్లగా తాగచ్చో అంత మెల్లగా తాగినాను. వదిన గుమ్మానికి ఆనుకొని, "ఎట్టాగూ ప్రయాణం ఆగిపాయె. శకునం చెడనే చెడిపాయె. ఇంక అడిగితే తప్పేముంది? చెప్పు. ఏ దేశం? ఏం పని?" అనింది.

"తెలియదు వదినా."

మా నాయన నోట్లోంచి బీడీ జారిపోయింది. "తెలియదంటే ఏందిరా?"

"నేను అడగలా."

"ఎందుకడగలా?"

"బయలుదేరేటప్పుడు అడగకూడదు గదా నాయనా. నువ్వే గదా నేర్పినావు."

మా నాయన వంగి బీడీ వెతుక్కున్నాడు. వదిన నా చేతిలోంచి ఫోను తీసుకొని సెంటు బావకి చేసింది. స్పీకరులో పెట్టింది. "అన్నా, మా పిల్లోడు చేసే పని ఏంది?" అనడిగితే, ఆయన గొంతు తగ్గించి, "బయలుదేరే పూట అదేం మాటమ్మా" అన్నాడు. "బయలుదేరడం ఆగిపోయిందిలే, నువ్వు చెప్పు" అనింది. ఆ మహానుభావుడు నెమ్మదిగా అన్నాడు, "నేను కూడా ఆఫీసాయన్ని అడగలేదమ్మా. ఆయన ఎప్పుడు చూసినా బయలుదేరతానే ఉంటాడు. ఉండు, కనుక్కొని చెప్తా."

పావుగంటకి ఫోను మోగింది. "పని బాగానే ఉందమ్మా, కంపెనీ మంచిదే. పెద్ద బోటు మీద వేట. ఒకసారి సముద్రంలోకి పోయినారంటే నాలుగు నెలల దాకా ఒడ్డు కనపడదంట, అంతే."

నాలుగు నెలలు. ఆ మాట వింటానే నా కడుపులో మూడో అల వచ్చింది. కూర్చున్న అరుగు ఊగినట్టయింది. ఎవరో ఒకరు పకపకా నవ్వుతారని తల దించుకున్నాను. ఎవరూ నవ్వలా. మా నాయన లేచినాడు. రోడ్డు మీది నుంచి అరుగు దాకా వచ్చిన ఆ పెట్టెని ఎత్తి భుజాన పెట్టుకొని, ఇంట్లోకి తీసుకొనిపోయి మంచం కిందకి తోసేసినాడు. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, ఎటో చూస్తా, "ఒక్క గంట బోటు మీద నిన్ను చూడలేకపోయినాను గదరా. నాలుగు నెలలంటే ఎట్టా బతికేవాడివి" అన్నాడు. నేను ఏడ్చేసినాను. అది సంతోషమే, నాకు తెలుసు. తొమ్మిదింటి బస్సు హారను వినపడింది. నేను లేవలేదు.

సెంటు బావ మంచోడే, మూడో రోజు పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చేసినాడు. నా బదులు జువ్వలదిన్నె మనిషి ఒకాయన పోయినాడు. ఆయనకి సముద్రమంటే ప్రాణం, సుఖంగా చేసుకొని వచ్చి ఇల్లు కట్టుకున్నాడు కూడా. ఆయన ఎదురుపడినప్పుడు ఒక్క క్షణం మనసు చివుక్కుమంటది, అబద్ధమెందుకు. వెంటనే కడుపు గుర్తు చేస్తది. నేనేమో గుంటల కాడే ఉండిపోయి, మేత పళ్ళాలు చూసి చూసి, ఇప్పుడు చుట్టుపక్కల గుంటలోళ్ళు రొయ్య మేత మానేస్తే నన్ను పిలుచుకొనిపోయేంతవాణ్ణి అయినాను. ఆ కోతి టోపీ కూడా వృథా పోలా. మార్గశిరం మంచులో గుంట గట్టు మీద నిలబడితే ఏ చలి దేశానికీ తీసిపోదు.

మొన్న వదిన రొయ్యలు ఒలుస్తా ఉంటే పక్కన కూర్చుని, ఇన్నేళ్ళ తర్వాత అడిగినాను. "వదినా, ఆ రోజు నీకు నిజంగా తెలియకనే నోరు జారినావా?"

వదిన ఒలవడం ఆపలా. "మీ ఇంట్లో అప్పటికి నాలుగేళ్ళు కాపురం చేసినదాన్ని, తెలియకుండా ఉంటదా? నెల రోజులు ఎవరన్నా అడగరా అని ఊరందరి మొహాలు చూస్తివి. మీ ఊళ్ళో ఆ మాట అడిగే నోరు ఒక్కటీ లేకపాయె. మీ అవ్వ పోయేదాకా నన్ను ఆ మాటకి తిడతానే ఉండింది, తిట్టనీలే."

ఇంతలో వీధిలోంచి పిల్లలు, "ఒడ్డు మామా! గుంట కాడికి రమ్మంటా ఉండారు!" అని కేకేసినారు. "వస్తా ఉండా!" అని లేచినాను. ఆ పేరు వదిలించుకోవడానికి సముద్రం దాటబోయినవాణ్ణి నేనే. ఇప్పుడు ఎవరన్నా నా అసలు పేరు పెట్టి పిలిస్తే, పక్కోణ్ణి పిలుస్తా ఉండారేమోనని నడుచుకుంటా పోతాను.