పుట్ట ఉన్న ఇల్లు

గద్వాల దగ్గరి ఊళ్లో తిమ్మక్క తన మట్టిమిద్దెను అమ్మకానికి పెట్టింది. ఆ ఇంటి వెనక గదిలో, గోడ మూలకు మోకాలెత్తు పుట్ట ఉంది. ఆమెకు ఇల్లు అమ్మినవాళ్లు దాన్ని దాచలేదు, మురిపెంగా చూపించారు. పుట్ట ఉన్న ఇల్లు కలిసొస్తుందన్నారు. తిమ్మక్క నమ్మింది. ఏటా నాగుల పంచమికి పాలు పోసి, పుట్టకు పసుపు పూసింది.

రెండువేల ఆరు వానాకాలంలో ఆ పుట్టలోని పామే ఆమె కూతురు అనితను కరిచింది. దవాఖానకు చేరేలోపే పిల్ల ప్రాణం పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో తిమ్మక్కకు ముద్ద దిగలేదు.

ఇల్లు చూడడానికి సుజాత అనే ఆమె బిడ్డను చంకనేసుకుని వచ్చింది. పుట్టను చూడగానే ముఖం వెలిగిపోయి దండం పెట్టుకుంది. తిమ్మక్క నోరు మెదపకపోతే బేరం కుదిరిపోయేదే. కానీ ఆమెకు మనసొప్పలేదు.

“చెల్లే, అండ్ల పాముంది. నా బిడ్డను అదే కరిచి సంపింది. ఇల్లు కొంటే కొను, ముందుగాల గా పుట్టను తవ్విపియ్యి.”

సుజాత చెంపలేసుకుంది. “గట్లనకు అక్కా! ఊకెనే ఎందుకు కరుస్తది? నీ పూజల ఏదో తప్పు జరిగుంటది. మేం మంచిగ చూసుకుంటం.”

“పాముకు పూజలేం తెలుస్తయే!” అని అరిచింది తిమ్మక్క. కానీ కూతురు పోయిన రోజు నుంచి తనను తాను ప్రశ్నించుకుంటున్నదీ ఆ తప్పు గురించే.

సుజాత బిడ్డను కిందికి దించి, పుట్ట ముందు కూర్చోబెట్టింది. తిమ్మక్క పూసిన పసుపును ఆ పిల్ల చిట్టి గోళ్లతో గీకుతూ కిలకిలా నవ్వింది.