నూలు సంచిలో స్టాంపులు

మా కాక చనిపోయాడన్న వార్త వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను బ్యాంకులో కౌంటర్ మీద ఉన్నాను, ఎదురుగా లైను ఉంది. పని ఆపలేదు గానీ, ఇక మా గోడ అవతల దగ్గే మనిషి లేడన్న సంగతి ఒక్కటే తలలో తిరిగింది.

కాక అని పిలవడమే గానీ రక్తసంబంధమేం కాదు. కొత్తవాడలో మా పక్కింటాయన, జంపఖానాలు నేసేవాడు. పిల్లల్లేరు. ఆయన భార్య పోయాక ఒక్కడే వండుకుని ఒక్కడే తినేవాడు. ఇవతల నేనూ ఒక్కదాన్నే. నా కుక్కర్ కూత వినబడకపోతే గోడ మీద తట్టి, "బిడ్డా, ఇయ్యాల వండలేదా?" అని అడిగేవాడు.

మోకాళ్లు మొరాయించి మగ్గం గుంటలోకి దిగలేకపోయినా, పాత గిరాకులకు ఉత్తరాలు రాయడం మానలేదు. కవరులో చిన్న నమూనా ముక్క పెట్టి, గంజితో అంటించి పంపేవాడు. ఆర్డరు వస్తే ఎవరితోనైనా నేయించి ఇస్తానని ఆయన ధీమా.

ఒకసారి ఎవరో పోస్టు చార్జీలు పెరుగుతాయని చెప్పారు. అంతే, షీట్లకు షీట్లు స్టాంపులు కొనుక్కొచ్చాడు.

"అగ్గువున్నప్పుడే కొనిపెట్టుకోవాలె, పిరమైనంక వాడుకోవాలె," అన్నాడు.

నూలు సంగతైతే ఆ మాట నిజమే. బజారులో ధర పెరిగితే ఇంట్లో ఉన్న నూలూ పిరమవుతుంది. స్టాంపు అట్లా కాదు, దాని ధర దాని నుదుటి మీదే అచ్చేసి ఉంటుంది.

"కాకా, చార్జీ పెరిగినా అయిదు రూపాయల స్టాంపు అయిదు రూపాయలకే నడుస్తది. తక్కువైన కాడికి ఇంకోటి అతికియ్యాలె. ఆ పైసలు డిపాజిట్ జేస్తే వడ్డీ అన్న వస్తది గదా!"

"బ్యాంకుల కూసోని కూసోని నీకు అన్నిట్ల నష్టమే కనవడ్తాంది," అని నవ్వాడు. వారం తిరక్కుండా ఇంకో షీటు తెచ్చాడు. చెప్తే వినే రకం కాదు, నేనూ ఊరుకునే రకం కాదు.

వానాకాలం వస్తే తేమకు స్టాంపులు ఒకదానికొకటి అంటుకునేవి. "జర పౌడర్ డబ్బా ఇయ్యి బిడ్డా," అని అడిగి, షీటుకూ షీటుకూ మధ్య చల్లి, నూలు సంచిలో పెట్టి దూలానికి వేలాడదీసేవాడు. ఒకరోజు ఆయన పౌడరు చల్లుతుంటే నా నష్టాల పాట మళ్లీ ఎత్తుకున్నాను. ఆరోజు నవ్వలేదు.

"నష్టమని నాకెరుక లేదా బిడ్డా? ఇంట్ల నూలున్నంతసేపు మగ్గం ఆగినట్టు గాదు. స్టాంపులున్నంతసేపు నేను ఉత్తరం రాసేటోన్నే."

పోస్టుమ్యాన్ వచ్చే వేళకు ఆయన గడప మీద కూర్చునేవాడు. సైకిలు ముందు నుంచే వెళ్లిపోయేది. అది చూడటం నాకు చాలా కష్టంగా ఉండేది.

పెద్దకర్మ అయ్యాక, హసన్‌పర్తి నుంచి వచ్చిన ఆయన అన్నకొడుకు సంచి దించి నా ముందు పెట్టాడు. "అక్కా, ఇవి మార్చుకుంటే పైసలొస్తయా?"

కనుక్కున్నాను. పోస్టాఫీసు తిరిగి తీసుకోదు. స్టాంపులు కొనే వ్యాపారి వాటి మీదున్న ధర కూడా ఇవ్వనన్నాడు. ఉత్తరానికి అతికించి పంపడమొక్కటే వాటికి దారి. అతను సంచి నాకే వదిలి, ఇంటికి తాళం వేసి వెళ్లిపోయాడు.

సంచి అడుగున ఉన్న నమూనా ముక్కలకు ఆయన కట్టిన అట్టల మీద గిరాకుల అడ్రసులున్నాయి. ఆ ఊళ్లన్నిటికీ కాక పోయాడని రాశాను. కవర్ల మీద అడ్రసుకు చోటు వదిలి మిగతాదంతా స్టాంపులే నింపాను. అంత అవసరం లేదని తెలుసు. పౌడరుకు జిగురు పట్టకపోతే గంజి కాచాను. పంపినవారి చోట ఆయన ఇంటి నంబరే రాశాను.

జవాబులు రాలేదు. మొన్న మధ్యాహ్నం మాత్రం మా వీధిలో సైకిలు ఆగింది. కొత్త పోస్టుమ్యాన్ ఎవరో, కాక ఇంటి తలుపు కొడుతున్నాడు.

"ఇంట్ల ఎవరు లేరా అమ్మా? ఉత్తరం వచ్చింది."

నేను పంపిన కవరే, అడ్రసులో మనిషి లేడని తిరిగొచ్చింది. తీసుకుని కాసేపు ఆ గడప మీదే కూర్చున్నాను. తర్వాత తలుపు కింది సందులోంచి లోపలికి తోశాను. మగ్గం గుంట వైపు గచ్చు మీద అది జారిన చప్పుడు వినబడింది.