మా ఇంటి మగ బాలింత

మా ఆయనది భీమిలి. సముద్రం పక్కన పుట్టి, ఉద్యోగానికి పాడేరు వచ్చి, నన్ను చేసుకుని ఈ కొండల్లోనే ఉండిపోయాడు. ఆ ఉండిపోవడాన్ని ఆయన త్యాగం అంటాడు. ఇంటికి ఎవరైనా వస్తే కిటికీలోంచి కొండలకేసి చూసి నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు ముదిరి ముదిరి, ఆమధ్య మా హాల్లో ఉప్పునీటి అక్వేరియం అయి కూర్చుంది. అందులో ఒక సముద్రగుర్రాల జంట. సముద్రంలో పట్టినవి అమ్మకూడదు, ఇవి ఫారంలో పుట్టినవేనని అమ్మినవాడు ఒట్టేశాడట. నమ్మే మనిషి ఎదురుగా ఉంటే ఒట్టెయ్యడం ఎవరికి మాత్రం బరువు?

మా ఊళ్లో చలికాలం పొద్దున్నే కుళాయి తిప్పాలంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకని గుర్రాలకి హీటరు. నాకు పెరట్లో కట్టెల పొయ్యి. కరెంటు పోతే ఇన్వర్టరు ముందు వాటి గాలి పంపుకి, మిగిలితే మా బల్బుకి. ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అర నిండా వాటి తిండి, గడ్డకట్టిన బుల్లి రొయ్యలు. పప్పులో ఉప్పు తగ్గిందని కంచం ముందునుంచి లేచిపోయే మనిషి, ఆ నీళ్లలో ఉప్పు సరిపోయిందో లేదో మీటరు పెట్టి చూసుకుంటూ ఒక పూటంతా గడిపేవాడు. ఆయనలో అంత ఓపిక ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు గొంతు తగ్గించి, "కడుపుతో ఉంది," అన్నాడు.

"ఏది?"

"మగది."

ఆ జాతిలో అంతేనట. ఆడది గుడ్లు తెచ్చి మగదాని పొట్టసంచిలో పెట్టేస్తుంది. మోసేదీ కనేదీ మగదే. ఆ రోజునుంచి ఇంట్లో టీవీ గొంతు పడిపోయింది. మిక్సీ వెయ్యకూడదు, తలుపులు దబాలున వెయ్యకూడదు. అదురు పడదట. నిండు నెలలతో నేను రోట్లో పిండి రుబ్బినప్పుడు నాకేం పడదో అడిగిన పాపాన పోలేదు. నా కాన్పు మా పుట్టింట్లో, ఇంకా పైన కొండమీది ఊళ్లో. అప్పుడాయన భీమిలిలో తమ్ముడి కొత్త పడవ ముచ్చట చూస్తున్నాడు. నెల దాటాక ఎండుచేపల పొట్లంతో వచ్చి, పిల్లని చూసి, "నా ముక్కే," అని మురిసిపోయాడు. ఆ నెల నేనెలా ఉన్నానో అడగలేదు. పిల్ల తొమ్మిదో తరగతికొచ్చింది, ఇంకా అడగలేదు. ఒక్కసారి అడిగితే చాలని నేనూ ఇంకా చూస్తూనే ఉన్నాను.

కాఫీ పళ్ల కోత అయ్యాక నాలుగు రోజులు ఉందామని అమ్మ వచ్చింది. సంగతి విని అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

"ఓలమ్మా, మొగోడికి కడుపేటి! మరి ఆడదేటి సేత్తాది అల్లుడుగారూ?"

"ఏం చెయ్యదత్తయ్యా. చూస్తూ ఉంటుంది."

అమ్మ ఆడదాన్ని చూపించి, నావైపు తిరిగి, "పెట్టి పుట్టిందే ఆ గుంట," అంది.

కాన్పు ఓ ఉదయం అయింది. మగది ముందుకీ వెనక్కీ వంగుతూ, తోక మొలిచిన ఆవగింజల్లాంటి పిల్లల్ని వెళ్లగక్కింది. ఈయన ఆఫీసుకి సెలవు పెట్టి, పిల్లల్ని ఒక్కోటిగా వేరే తొట్టిలోకి తీశాడు. నా కాన్పుకి ఆఫీసులో సెలవులు లేవన్నారట. కన్నాక ఆ తండ్రి పిల్లలవైపు తిరిగి చూడలేదు. అందులో మాత్రం నాకు కొత్తేమీ కనపడలేదు.

మధ్యాహ్నం ఆయన ఏదో కొనడానికి బజారుకి వెళ్లాడు. నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. కరెంటు పోయింది, హీటరు ఆగింది. బాలింత చలికి తట్టుకోదని అమ్మకి బెంగ పట్టుకుంది. మావైపు బాలింతకి పొగ వెయ్యడం తప్పనిసరి. కుంపట్లో నిప్పులేసి, వామూ వెల్లుల్లి పొట్టూ చల్లి, తలుపులు మూస్తారు. అమ్మ అదంతా శ్రద్ధగా చేసి, కుంపటిని తెచ్చి ట్యాంకు బల్ల కింద పెట్టింది. గాలి పంపు ఉండేది అక్కడే. ఇన్వర్టరు మీద అది ఆడుతూనే ఉంది. గదిలో గాలి పీల్చి నీళ్లలోకి వదలడం దాని పని. ఆ పూట పొగ పీల్చి పొగే వదిలింది.

వాము వాసనకి నేను లోపలికి పరిగెత్తేసరికి, వీధి గుమ్మంలోంచి ఆయనా వచ్చాడు. మగది నీటి పైకి తేలి నోరు తెరుస్తోంది.

"ఏంటత్తయ్యా ఇది!" అని అరిచాడు. "పచ్చి బాలింత! తలుపులు మూసేసి ఇంత పొగలో పెడితే ఊపిరెలా ఆడుతుంది? మనుషులేనా మీరు?"

అమ్మ బెదరలేదు. "పొగెయ్యకపోతే ఎలాగ బాబూ? మీ ఆవిడికి నెల్లాళ్లేసినాను. బతికే ఉంది కదా."

ఆయన పంపు పీకేశాడు. కిటికీలు తెరిచాడు. క్యాన్లలో కలిపి ఉంచుకున్న ఉప్పునీళ్లు ట్యాంకులో పోశాడు. పోస్తూ పోస్తూ ఆగి, నా వంక చూశాడు.

"నీకూ ఇలాగే వేశారా? నెలరోజులూ?"

"తలుపులు మూసి," అన్నాను. "పైన దుప్పటి కప్పి మరీ."

ఆయన క్యాను కింద పెట్టాడు. ఏదో అనబోయాడు. ఇన్నేళ్లకి అడిగాడు కదా, ఆ నెల ఎలా ఉన్నావన్న మాట కూడా వినాలని తడి చేతులతో అలాగే నిలబడ్డాను.

ఈలోగా ట్యాంకులో మగది కిందికి దిగి, నాచుకాడకి తోక చుట్టుకుంది.

"హమ్మయ్య, పట్టుకుంది! ఇలా రా, చూడు, బతికింది," అంటూ ఆయన అటు తిరిగిపోయాడు.

వెళ్లి చూశాను. నిజంగానే బతికింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా కళ్లు చూసి కరిగిపోయి, భుజం మీద చెయ్యేసి, "ఏడవకు, దానికేం కాలేదు," అన్నాడు.