అమ్మ ముందు తిన్న రోజులు

మా చిన్నప్పుడు అమ్మ ఎప్పుడూ అందరి తర్వాతే తినేది... చేదు దుంప వండిన రోజు తప్ప. ఆ రోజు మాత్రం మొదటి ముక్క ఆమెదే.

శ్రీకాకుళం వైపు మా ఊరు. వరసగా రెండేళ్లు వానల్లేవు. గాదెలో గింజ లేదు. అమ్మా, అప్పా... అప్పంటే మా అక్క... కొండకెళ్లి గునపంతో దుంపలు తవ్వి తెచ్చేవారు.

పచ్చిగా తింటే ప్రాణం మీదికి తెచ్చే దుంప అది. పల్చగా తరిగి, బూడిద వేసి ఉడకబెట్టి, బుట్టలో పోసి పారే గెడ్డలో రాత్రంతా ఉంచాలి. ఆ ఏడాది గెడ్డే ఎండిపోయింది... ఇసకలో చెలమ తవ్వి, ముంతతో తోడి తోడి, ఏడు నీళ్లు మార్చేది అమ్మ.

ఒకరోజు ఆకలి ఆగక అనేశాను.

"మాకెట్టకుండా నువ్వే తినీసినావేటే?"

అమ్మ నవ్వింది. "ఉండ్రా. ఎండ ఆ గడప దాటనీ, ఎడతాను."

ఎండ గడప దాటలేదు. అంతలోనే అమ్మ రాట పట్టుకుని కూలబడింది. వాంతులు... నాలిక మొద్దుబారి మాట రాలేదు. కుండ పారబోయమని చేత్తోనే చూపించింది.

అప్ప కుండ ఎత్తుకెళ్తూ నా నెత్తిన ఒక్కటిచ్చింది. "తెలిసిందేటి, ఎర్రి మొకమా, అమ్మ ముందెందుకు తింటాదో!"

సాయంత్రానికి అమ్మ లేచింది. మర్నాడు మళ్లీ కొండకెళ్లింది. ఈసారి తొమ్మిది నీళ్లు మార్చింది. మళ్లీ తనే ముందు తింది. నేను గడప దగ్గర కూర్చున్నాను... ఎండ దాటేదాకా లేవలేదు.

రైల్వే పనికని రాయపూర్ వచ్చి ఇక్కడే ముసలివాణ్ణయ్యాను. మొన్న బీర్‌గావ్ సంతలో అలాంటి దుంపే కనిపించింది. అమ్మే ఆవిడ, "కరూ కాందా ఏ బబా, రాఖ్ డార్ కే ఉసన్‌హూ" అంది. చేదు దుంప, బూడిద వేసి ఉడకబెట్టుకో అని... నాకా చెప్పేది!

కొనితెచ్చి, బూడిద వేసి ఉడకబెట్టి, ఇంట్లో కుళాయి కింద తొమ్మిది నీళ్లూ మార్చాను. ముందు నేనొక ముక్క తిన్నాను. మనవరాలు నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తాతా, యే క్యా హై! నాకు భూక్ లగుతుంటే నువ్వొక్కడివే తినేస్తున్నావ్!"

మా అబ్బాయి క్వార్టర్ గడప మీద ఎండ పడదు. గోడ గడియారం చూపించాను. పెద్ద ముల్లు రెండు చుట్లు తిరిగేదాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆ తర్వాత గిన్నె ఖాళీ చేసింది తనే.

ఇప్పుడు ప్యాకెట్ మీద తేదీ చూసి తింటున్నాం. అప్పుడు అమ్మ మొహం చూసి తినేవాళ్లం...

మీ ఇంట్లో ముందు తిని చూసింది ఎవరో, ఒక్క మాట రాయండి.