కీర్తన ముగిసేటప్పటికి గుర్రం ఎక్కడుంది

మా ముత్తాత ఎసాయస్ లాటెగన్ తన పొలానికి ‘తృప్తి’ అని పేరు పెట్టుకున్నాడు. దక్షిణాఫ్రికాలోని రొగ్గెవెల్ట్ పీఠభూమి మీద గాలీ రాళ్ళూ తప్ప మరేదీ సమృద్ధిగా దొరకని చోట ఆ పేరు పెట్టడంలో వేళాకోళమేమీ లేదు. ఆయనకు వేళాకోళం చేతకాదు. ఆయన తండ్రి హాలండు నుంచి డచ్చి ఈస్టిండియా కంపెనీ సిపాయిగా కేప్‌కు వచ్చి, తుపాకీ దించి, గొర్రెల పెంపకం పట్టాడు. గడ్డి అయిపోయిన ప్రతిసారీ బండి కట్టి ఇంకాస్త ఉత్తరానికి జరిగాడు. మా వంశంలో దీన్నే వ్యవసాయం అంటారు.

కంపెనీ భూమిని అమ్మేది కాదు, వాడుకోవడానికి ఇచ్చేది. ఎంత ఇవ్వాలో తేల్చే పద్ధతి ఒక్కటే. ఇంటి దగ్గర ఒక రాయి పాతి, అక్కడినుంచి నాలుగు దిక్కులా గుర్రాన్ని నడిపించాలి. పరుగెత్తించకూడదు. అరగంట నడిచాక అది ఎక్కడ నిలిస్తే అక్కడ హద్దు. చిక్కేమిటంటే, మా ప్రాంతంలో గడియారం లేదు. కంపెనీ తరఫున మా ప్రాంతాన్ని చూసే గస్తీ అధికారి జేబులో ఒకటి ఉండేది గాని, ఆయన తండ్రి పోయిననాడే అది ఆగిపోయింది. దాన్ని మళ్ళీ నడిపించడం తండ్రికి అగౌరవమని ఆయన భావించాడు. అందుచేత అరగంటను కీర్తనతో కొలిచేవారు. కీర్తనల పుస్తకంలో ఒక పొడవాటి కీర్తన ఉంది, దాన్ని అన్ని చరణాలూ పాడితే అరగంట అని పెద్దలు నిర్ణయించారు. పొలం ఎవరిదో ఆ కుటుంబమే పాడాలి. పాట ముగియగానే తుపాకీ పేలుస్తారు, గుర్రాన్ని నడిపించేవాడు ఆ చప్పుడు విని ఆగుతాడు.

కాలం వస్తువుల్లో ఉందా, మనసులో ఉందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మా వాళ్ళకు అది గొంతులో ఉండేది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి తీసుకునేవారు, చరణం చివర దగ్గేవారు, దగ్గు తగ్గాక ఒకరి ఆరోగ్యం ఒకరు విచారించుకునేవారు. ఎసాయస్ మాత్రం పాటను పాటగా పాడాడు. దేవుడి మాటను భూమి కోసం సాగదీయడం దొంగతనమని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను మరీ మెచ్చుకోను. అందులో భక్తి ఎంత ఉందో, పక్కవాడి కంటే మంచివాణ్ణి అనిపించుకునే కోరికా అంతే ఉంది. ఏమైతేనేం, ఆయన గుర్రం ఉత్తర దిక్కున నీటి ఊటకు కాస్త ఇవతలే ఆగిపోయింది. ఆ చుట్టుపక్కల ఎండాకాలంలో ఆరని నీళ్ళు అవొక్కటే.

ఊటకు అవతలి పొలం వౌటర్ స్నైమన్‌ది. ఆయన ఎసాయస్ చెల్లెలు హెస్టర్ భర్త. వౌటర్ తన వంతు వచ్చినప్పుడు ఎంత నిదానంగా పాడాడంటే, ఆయన గుర్రం ఊట దాటి, ఇవతలి గట్టు మీద గడ్డి కూడా మేసింది. ఆనాటినుంచి లాటెగన్ గొర్రెలు వౌటర్ గొర్రెలు తాగి తొక్కిన బురదనీళ్ళు తాగేవి, అదీ ఆయన దయ ఉన్న రోజుల్లో. ఎసాయస్ భార్య అలీడా ఆ బురదను వడగట్టి కాఫీ కాచి ఆయన ముందు పెడుతూ, ఇదిగో మీ నిజాయితీ, వేడిగా ఉన్నప్పుడే తాగండి అనేది.

వరసగా వానలు తప్పిన కాలంలో గొర్రెలు రాలిపోతుంటే ఎసాయస్ మళ్ళీ కొలవమని మొరపెట్టుకున్నాడు. గస్తీ అధికారి వచ్చి న్యాయమైన ఏర్పాటు చేశాడు. రెండు కుటుంబాలూ ఊట దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి పాట ఎత్తుకోవాలి. ఎసాయస్ గుర్రాన్ని ఆయన ఇంటినుంచి ఇటు, వౌటర్ ఆడగుర్రాన్ని ఆయన ఇంటినుంచి అటు నడిపించాలి. ఎవరి పాట ముగిసినప్పుడు వాళ్ళ గుర్రం ఎక్కడుంటే అక్కడ వాళ్ళ హద్దు.

ఆ రోజు ఎసాయస్ తొలిసారిగా పాటను సాగదీశాడు. అలవాటు లేని పని గనుక మొదట్లో తడబడ్డాడు, తర్వాత అందులో ఆయనకున్న ప్రతిభ చూసి భార్యే ఆశ్చర్యపోయింది. గుర్రాలు రెండూ ఊట దగ్గరికి వచ్చి, నీళ్ళు తాగి, ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని నిలబడ్డాయి. పాట ముగియలేదు. ముందు ముగించినవాడి గుర్రం అక్కడితో ఆగుతుంది, రెండోవాడిది ఊట దాటి ఇంకా ముందుకు పోతుంది. అందుకని రెండు కుటుంబాలూ చివరి పాదంలోని చివరి మాట ముందు ఆగి, నోళ్ళు తెరుచుకుని ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. చలిగాలి మొదలయ్యాక అధికారి లేచి బట్టలు దులుపుకున్నాడు. కొలత ఇంకా నడుస్తున్నదనీ, ఆ మాట ఎప్పుడు ఎక్కడ పాడినా చెల్లుతుందనీ, అప్పుడు గుర్రం ఉన్న చోటే హద్దనీ తీర్పు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తీర్పు కింద మా వాళ్ళు ఏళ్ళ తరబడి బతికారు. గుర్రాలను ఎక్కడానికి గాని, బండికి కట్టడానికి గాని వీల్లేదు. అవి ఊట దగ్గరే ఉండాలి, వాటి పక్కన ఒక మనిషి ఉండాలి. ప్రభు భోజనానికి బండ్లు కట్టుకుని గుడికి వెళ్ళినప్పుడు ఎప్పుడైనా ఆ కీర్తన వస్తే, రెండు కుటుంబాలూ చివరి మాట దగ్గర పళ్ళు బిగించేవి. కొత్తగా వచ్చిన పాదిరి అది ఏదో మతభేదమనుకుని దాని మీద రెండు ప్రసంగాలు చేశాడు. కొలత తేలనందువల్ల ఊట ఎవరిదీ కాలేదు, అందువల్ల ఇద్దరి గొర్రెలూ తాగాయి. ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ న్యాయశాస్త్రమూ చేయలేదని నాకనిపిస్తుంది. ఎసాయస్‌కు మాత్రం మనసు నిలవలేదు. దేవుడికి ఒక మాట బాకీ పడ్డానని నిద్రలో కూడా నోరు కదిపేవాడు. అలీడా భయపడి ఆయన గడ్డానికి గుడ్డ కట్టేది.

ఒకనాటి ఉదయం కావలివాడు కునికాడు. ఎసాయస్ గుర్రం ఆడగుర్రం వెంట నడుచుకుంటూ నేరుగా వౌటర్ ఇంటి పెరట్లోకి వెళ్ళి క్యాబేజీలు మేయడం మొదలుపెట్టింది. ఆ కబురు తెలియగానే అలీడా భర్తను ఊట దగ్గరికి లాక్కొచ్చింది. ఆ ఒక్క మాట ఇప్పుడు పాడితే ఊట ఒక్కటే కాదు, వౌటర్ పొలమూ ఇల్లూ కూడా ‘తృప్తి’లో కలుస్తాయి. ఆయన ఇంకా నోరు తెరవకముందే హెస్టర్ చేతులకు పిండితో పరుగెత్తుకొచ్చింది.

“అన్నయ్యా, ఆ మాట అన్నావంటే నా వంటిల్లు నీదైపోతుంది. పొయ్యి మీద మాంసం ఉంది, అదీ నీదే. దించమంటావా, ఇంకాస్త ఉడకనిమ్మంటావా?”

“దేవుడే గుర్రాన్ని నడిపించి చూపిస్తుంటే ఇంకా ఆలోచనేంటండీ?” అంది అలీడా.

“నడిపించింది దేవుడు కాదులే వదినా, నా క్యాబేజీ.”

 చెల్లెలి ఇల్లు ఎసాయస్‌కు అక్కర్లేదు. నీళ్ళు కావాలి, బాకీ తీరాలి. చివరికి ఆయనకు తోచిన మార్గం ఇది. రెండు గుర్రాలనూ తెప్పించి ఊట మధ్యలో నిలబెట్టి, అప్పుడు ఆ మాట పాడేయాలి. సగం నీళ్ళు తనవి, సగం వౌటర్‌వి. గుర్రాలను తేవడానికి వింట్‌ఫోగల్‌ను పిలిచాడు. కొలత రోజున గుర్రాన్ని నడిపించిన కాపరి ఆయనే, ఆ నేల మూలవాసులైన ఖోయ్ తెగవాడు. ఆ పేరు మా వాళ్ళు పెట్టింది, అసలు పేరు ఎవరూ అడగలేదు. ఆయన తాతల పశువులు ఆ ఊటలోనే తాగేవని అందరికీ తెలుసు. కొలతలో దానికి చోటు లేదు.

“పాట ఆగేటప్పటికి గుర్రం ఎక్కడుంటే అక్కడిదాకా మీదే కదా, దొరా?” అని అడిగాడు వింట్‌ఫోగల్.

“అవును.”

“ఆగకపోతే?”

“ఆగేదాకా ఎవరిదీ కాదు.”

“సరే దొరా,” అని ఆయన తొందర లేకుండా గట్టెక్కి వెళ్ళాడు.

కాసేపటికి రెండు గుర్రాలూ వాలు దిగుతూ కనిపించాయి. ఊటకు ముందు ఒక పెద్ద రాతిగుట్ట అడ్డం ఉంది. అవి గుట్ట వెనక్కి రాగానే, ఇక వచ్చేసినట్టేనని ఎసాయస్ చివరి చరణం ఎత్తుకున్నాడు. ఒకసారి ఎత్తుకున్నాక మధ్యలో ఆపడం ఆయన మనస్సాక్షికి పడదు. గుట్ట ఇవతలికి గుర్రాలు రాలేదు. ఆయన సాగదీశాడు. అలీడా గొంతు కలిపింది. తన ఇల్లు ఏమవుతుందోనని హెస్టర్ కలిపింది. రొప్పుతూ వచ్చిన వౌటర్ సంగతి తెలియకపోయినా, ఆపడం ప్రమాదమని గ్రహించి తనూ అందుకున్నాడు. నలుగురూ ఆ చివరి మాటను పట్టుకుని ముఖాలు కందిపోయేదాకా వేలాడారు. మొదట అలీడా ఊపిరి అయిపోయింది, చివర ఎసాయస్‌ది. నిశ్శబ్దం కాగానే వౌటర్ అలవాటు కొద్దీ తుపాకీ పేల్చాడు.

గుట్ట వెనక ఎవరూ లేరు. గిట్టల జాడలు వాలు ఎక్కి, వౌటర్ ఇంటి పక్కగా ఉత్తరానికి పోయాయి.

గస్తీ అధికారి మళ్ళీ వచ్చి ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. తీర్పు ప్రకారం ఎసాయస్ ఉత్తరపు హద్దు గుర్రం ఉన్నంత దూరం వెళ్ళింది. వౌటర్ దక్షిణపు హద్దు కూడా అక్కడికే వెళ్ళింది. అంటే వౌటర్ తన సొంత పొలానికి బయట కాపురముంటున్నాడు. దీనికి ఆయన ఎంత నొచ్చుకున్నాడంటే, కొన్నాళ్ళు భార్యతో కూడా అతిథిలా మాట్లాడాడు. గుర్రాలు దొరికేదాకా ఎవరికీ ఏమీ రాసివ్వనని అధికారి చెప్పాడు.

ఎసాయస్ కొడుకులు గుర్రాన్ని వెతుకుతామని ఉత్తరానికి బండ్లు కట్టారు. అది దొరికేవరకూ దారిలో వచ్చే భూమంతా తమ హద్దు లోపలిదేనని వాళ్ళ వాదన. అక్కడ ముందునుంచీ ఉంటున్నవాళ్ళకు ఈ వాదన వినిపించడానికి తుపాకులతో వెళ్ళేవారు. ఇంత బలహీనమైన ఆధారం మీద ఇంత దూరం నడిచిన తర్కం నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు. మా వంశంలో సగం మంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు, వెతకడం ఎప్పుడో మానేశారు.

ఎసాయస్ కదలలేదు. ఆయనకు కావలసింది ఊట ఒక్కటే. పాడాల్సిన మాట పాడేశాడు గనుక, అది ఇప్పుడు తనదేనా కాదా అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆయన జుట్టు నెరిశాక ఒక సాయంత్రం, కొందరు ఖోయ్ మనుషులు పశువులు తోలుకుని ఊట దగ్గరికి వచ్చారు. అందరికంటే ముందు, గుర్రం మీద వింట్‌ఫోగల్ ఉన్నాడు. గుర్రం ముసలిదైపోయింది, అయినా ఎసాయస్ గుర్తుపట్టాడు. దాన్ని తనకివ్వమని అనలేదు, చేతిలో తుపాకీ ఉన్నా ఎత్తలేదు. అంతకంటే ముఖ్యమైన పని ఆయనకుంది.

“ఆ రోజు పాట ఆగేటప్పటికి గుర్రం ఎక్కడుంది? నిజం చెప్పు.”

వింట్‌ఫోగల్ దిగి, గుర్రం మూతి నీళ్ళ వైపు తిప్పి, ఆలోచించి చెప్పాడు.

“ఆగడం నేను వినలేదు దొరా. వినబడినంత దూరం మీరు పాడుతూనే ఉన్నారు.”

పశువులు తాగినంతసేపూ ఎసాయస్ గట్టు మీద కూర్చున్నాడు. అవి పోయాక, ఆయన తీసుకెళ్ళిన బిందెలో నీళ్ళు ముంచుకుని ఇంటికి వచ్చాడు. నీళ్ళు బురదగా ఉన్నాయి. అలీడా బిందెలోకి చూసి, ఎవరి పశువులు తాగిపోయాయని అడిగింది.

“ఉత్తరం నుంచి ఎవరో వచ్చారు.”

“మన నీళ్ళని చెప్పలేదా?”

ఎసాయస్ అబద్ధమాడే మనిషి కాడు. వడగట్టే గుడ్డ వెతికి తెచ్చి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఆమె చేతికిచ్చాడు.