నడుంలోతు నిట్రాడు

గుడివాడలో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంటు కడుతున్నారు. పునాదుల కోసం పెద్ద మిషనొకటి తెచ్చి భూమిలోకి బావుల్లాంటి సన్నటి గుంటలు దింపుతుంటే, అడుగునుంచి నల్లటి జిగటమన్ను పైకొచ్చి మా ప్రహరీగోడ పక్కనే గుట్టపడుతోంది. ఆ మన్ను వాసన పొద్దున్నే ఇంట్లోకి వచ్చేస్తుంది. కాస్త ఉప్పు, కాస్త మురిగిన ఆకు, కాస్త పచ్చి చేపల బుట్ట కలిసినట్టుండే వాసన. మా కోడలు ముక్కు మూసుకుని కిటికీ రెక్కలు వేస్తుంది, ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే నేను మళ్ళీ తీస్తాను. దివిసీమలో, నాగాయలంక దాటాక, మా పేటలో ఎవరు కొత్త ఇల్లు వేసుకుంటున్నా వచ్చే వాసన అది. ఆ వాసన తగిలితే నాకు మా మామ్మ గుర్తొస్తుంది, వెంటనే కోపం కూడా వస్తుంది. అరవై ఏళ్ళు దాటినా చల్లారని కోపాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, పేరు సువార్తమ్మ. ఆవిడ బైబిలు స్త్రీ. ఇప్పటివాళ్ళకి ఆ ఉద్యోగం తెలియదు గనక చెబుతున్నాను. బందరులో ఉండే సంఘం పెద్దలు ఒక తెల్లచీర, ఒక గుడ్డసంచి, అందులో ఒక గ్రంథం ఇచ్చి ఊళ్ళ మీదికి పంపేవారు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళతోపాటు బియ్యంలో రాళ్ళు ఏరుతూనో, వలలకి ముడులు వేస్తూనో వాక్యం చెప్పేది. మామ్మ చదువు మూడో తరగతి. గ్రంథాన్ని వేలితో గీసుకుంటూ నిదానంగా చదివేది గానీ, ఒకసారి చదివింది మళ్ళీ మరిచిపోయేది కాదు. బడి లేని రోజుల్లో నేనే ఆ సంచి మోసేదాన్ని. మా ఆటల్లో కూడా నేను పాత గోనెసంచి భుజాన వేసుకుని తాటి మట్టల గుర్రాలెక్కిన పిల్లలకి వాక్యం చెబుతుంటే, వాళ్ళు ఆమెన్ అనడం మానేసి నా జడ లాగేవాళ్ళు.

మామ్మకి ఒక పద్ధతుండేది. వినేవాళ్ళు కంటితో చూడని వస్తువును ఆవిడ వాక్యంలో చెప్పేది కాదు. కథ చెప్పడం అయ్యాక, అక్కడున్న వాళ్ళలో అక్షరం ముక్క రాని ముసలమ్మను చూసి, "ఏదీ, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు వదినా" అనేది. ఆ ముసలమ్మ తిరిగి చెప్పిన కథ సరిగ్గా ఉంటే సంచి సర్దుకునేది, ఎక్కడైనా తడబడితే తప్పు ముసలమ్మది కాదని, తనదేనని, మళ్ళీ మొదలుపెట్టేది. పిండిని పులియబెట్టే పదార్థం గురించి చెప్పినప్పుడు మా పేటలో అందరూ బిత్తరచూపులు చూస్తే, మర్నాడు దాన్ని పెరుగు తోడు చేసింది. కుండెడు పాలలో చుక్కంత తోడు వేసి మూత పెడితే తెల్లారేసరికి కుండంతా మారిపోవడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ రోజు తిరిగి చెప్పడానికి ముగ్గురు పోటీపడ్డారు.

హిమం కన్నా తెల్లగా అన్నచోట, పెడన వెళ్తే కాలవలో ఉతికి గట్టున ఆరేసిన గుడ్డ కన్నా తెల్లగా అనేది. బందరు పక్క ఉప్పుమళ్ళ వాళ్ళకి మడిలో తేరిన ఉప్పు కన్నా తెల్లగా అని చెప్పేది. పాలకాయతిప్ప జాలరి ఆడవాళ్ళ దగ్గర మాత్రం ఆవిడకి ఏ కష్టమూ ఉండేది కాదు. రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదన్న కథ మొదలుపెట్టగానే, "అది మాకు చెప్పేదేవిటి పెద్దమ్మా, మా ఇంట్లో వారానికి రెండుసార్లు జరుగుద్ది. ఆళ్ళది ఏ వల?" అని వాళ్ళే ఎదురు ప్రశ్నలు వేసేవాళ్ళు. ఏ వలో మామ్మకి తెలియలేదు. ఇంటికొచ్చాక వారం రోజులు దాన్ని గురించే ఆలోచించింది.

రొట్టె సంగతి చెప్పాలి. మా ఊళ్ళో రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళు తినేది. డాక్టరు అన్నం మానెయ్యమంటే బందరు వెళ్ళేవాళ్ళని బతిమాలి, కాగితంలో చుట్టిన రొట్టె తెప్పించి, వేడిపాలలో ముంచి పెట్టేవారు. అందుచేత ఐదు రొట్టెలతో వేలమందికి కడుపు నింపిన కథ మొదటిసారి విన్నప్పుడు, పాపం అంతమందికీ ఒకేసారి జ్వరం వచ్చిందనుకున్నాను. మామ్మ వాటిని ఐదు చద్దన్నం మూటలూ రెండు ఎండుచేపలూ చేసింది. ఆవిడ ఆ మూటలు విప్పుతుంటే వింటున్నవాళ్ళ నోళ్ళలో నీళ్ళూరేవి, నాకైతే పచ్చిమిరపకాయ కొరికినట్టే ఉండేది.

ఇల్లు కట్టిన ఇద్దరి కథ ఆవిడకి ప్రాణం. గ్రంథంలో తెలివైనవాడు బండ మీద కట్టుకుంటాడు, తెలివిలేనివాడు ఇసుక మీద. మా సీమలో బండ ఎక్కడుంది? ఎంత తవ్వినా కృష్ణమ్మ తెచ్చిపోసిన మన్నే. ఇంటి కప్పు బరువంతా మోసే నడిమి గుంజను మేం నిట్రాడు అంటాం. దానికి చేవ పట్టిన తాటిమాను తెచ్చి, కింది కొసను నిప్పుల్లో నల్లగా కాల్చి, మనిషి నడుందాకా దిగే గుంట తీసి పాతేవారు. గుంటలో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, తోడుతూ తవ్వాలి. బద్ధకస్థుడు మోకాలిలోతుకే ఆపేస్తాడు. మామ్మ కథలో తెలివైనవాడు నీళ్ళొచ్చినా ఆపకుండా నడుంలోతు తవ్వి నిట్రాడు పాతినవాడు, తెలివిలేనివాడు పైపైన గుచ్చినవాడు. ఈ కథను మా పేటలో తిరిగి చెప్పలేని మనిషి లేడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ముంజెల కాలంలో, బందరు నుంచి అయ్యగారు వచ్చారు. మా బైబిలు స్త్రీల పనంతా చూసే పాస్టరు గారు. చెడ్డవారని అనను. మంచి కంఠం, పిల్లలకి పిప్పరమెంట్లు పంచే చెయ్యి. కొండలున్న ఎగువ ఊళ్ళో పుట్టినవారు. తాటాకు పందిట్లో మామ్మ ఆ కథే చెబుతుంటే విని, సగంలో చెయ్యెత్తారు.

"సువార్తమ్మ గారూ, బండ అనుంటే మీరు నిట్రాడంటారేవిటండీ?"

"ఇక్కడ బండ ఎవరూ చూడలేదండీ అయ్యగారూ. చూడనిది చెబితే చెవిలోంచి జారిపోద్దండి."

"రాసింది రాసినట్టు చెప్పాలి. ఇలా మార్చుకుంటూ పోతే మీ సంచి వెనక్కి తీసుకోవాల్సొస్తుంది."

అంత నెమ్మదిగా అన్నారు ఆ మాట. సంచి పోతే మామ్మకి ఊళ్ళు తిరిగే హక్కు పోతుంది, వాక్యం చెప్పే నోరు పోతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ బతుకంతా ఆ నోరే. తర్వాత అయ్యగారే లేచి బండ మీద ఇంటి గురించి అరగంట బ్రహ్మాండంగా ప్రసంగించారు. మామ్మ ఎవరినీ తిరిగి చెప్పమనలేదు.

ముందు వరసలో ఇస్సాకు మావయ్య కూర్చున్నాడు. చుట్టమేమీ కాదు, పక్కింటివాడు. కిందటి క్రిస్మసుకే బాప్తిస్మం తీసుకుని వాక్యమంటే చెవి కోసుకుంటున్నాడు. తాటిమానులు నరికించి కొత్త ఇంటికి సిద్ధంగా ఉన్నాడు. అయ్యగారి ప్రసంగం విన్న మూడోరోజున, కరకట్టకి మరమ్మతు చెయ్యగా మిగిలిపోయిన బెజవాడ కొండరాళ్ళు, పడవవాళ్ళని అడిగి తెచ్చుకున్నాడు. నేలను చదును చేసి, నాలుగు మూలలా నాలుగు, నడిమధ్య ఒకటి పరిచి, గుంట తియ్యకుండా ఆ రాళ్ళ మీదే గుంజలూ నిట్రాడూ నిలబెట్టాడు. పేటలో మొట్టమొదటి బండమీది ఇల్లని పొంగిపోయి మాకందరికీ బెల్లం పానకం పోశాడు. మామ్మ ఆ నిట్రాడి మొదట్లో చాలాసేపు నిలబడి చూసింది. గుంట తియ్యమంటే వాక్యానికి అడ్డు చెప్పిందని బందరు కబురు వెళ్తుంది. పానకం తాగకుండా ఇంటికొచ్చేసింది. తన బతుకులో ఆ ఒక్కసారే ఆవిడ తెలిసి నోరు మూసుకుంది.

కార్తీకంలో, చేలు పాలుపోసుకుంటున్న రోజుల్లో గాలి లేచింది. పొద్దున్న మొదలై మధ్యాహ్నానికి తాటిచెట్లను నేలకి వంచుతోంది. మా ఇంటి తాటాకు సగం ఎగిరిపోయింది, కప్పు మధ్య పొడుగునా పోయే వెన్నుపట్టె మూలిగింది గానీ నిట్రాడు కదలలేదు. నేను దాన్నే కావలించుకుని కూర్చున్నాను. ఇస్సాకు మావయ్య ఇల్లు మాత్రం గోడలూ కప్పూ కలిసి ఒక్క జరుగు జరిగి, గుంజలు రాళ్ళ మీంచి జారి, పక్కకి ఒరిగి పడిపోయింది. ఆయన భార్య మరియమ్మత్త చెయ్యి దూలం కింద పడి విరిగింది. రాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే, కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి.

గాలి తగ్గాక ఆయన మా అరుగు మీద కూలబడ్డాడు.

"వాక్యంలో ఉన్నట్టే కట్టాను గదా పెద్దమ్మా. నా విశ్వాసంలో ఏదన్నా లోపముందంటావా?"

"నీ విశ్వాసంలో లేదురా ఇస్సాకూ. నా నోట్లో ఉంది. తెలిసి ఊరుకున్నాను" అంది మామ్మ. అని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

మర్నాటినుంచి నిట్రాడు కథ మళ్ళీ మొదలుపెట్టింది, కూలిన ఇంటి ముందే నిలబడి. వారం తిరక్కుండా బందరు రమ్మని ఉత్తరం వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని పులిగడ్డ దగ్గర నది దాటి బస్సెక్కింది. పెద్ద గదిలో పొడుగుబల్ల వెనక అయ్యగారూ ఇంకో నలుగురు పెద్దలూ కూర్చున్నారు. మామ్మ వాళ్ళు కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయ్యగారూ, ఆ కథ గ్రంథంలో రెండుచోట్ల ఉందండి. రెండోచోట బండకి ముందు ఆ మనిషి ఏం చేశాడో పైకి చదవండి" అంది.

ఆయన పేజీలు తిప్పారు. ఆ మనిషి లోతుగా తవ్వాడని ఉంది. మెల్లగా చదివారు. ఇస్సాకు ఇల్లు ఎలా కూలిందో మామ్మ అప్పుడు చెప్పింది. ఒక పెద్దాయన, "అది సరేనమ్మా, పెరుగు తోడు సంగతేవిటి? చద్దన్నం సంగతేవిటి?" అని ఒక కాగితం ముందుకి తోశారు. ఇకమీదట రాసింది రాసినట్టే చెబుతానని సంతకం పెట్టాలి.

"మీరు చెప్పింది విని ఒకడు ఇల్లు పోగొట్టుకున్నాడండి. నేను చెప్పింది విని ఎవరిల్లు కూలిందో చెప్పండి, పెడతాను సంతకం."

అని, నా భుజాన ఉన్న సంచి తీసి బల్ల మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది. వెనకనుంచి అయ్యగారు రెండుసార్లు పేరు పెట్టి పిలిచారు. వీధి చివర కొట్లో ఒక రొట్టె కొని, "పద, ఈసారి జ్వరం లేకుండా తిందాం" అంది. బస్సులో ఇద్దరం మొత్తం రొట్టె తినేశాం. పాలు లేకుండా ఉత్తి రొట్టె గొంతుకి అడ్డం పడుతూ ఉంది గానీ, నాకు ఆ రుచి ఇప్పటికీ గుర్తే.

సంచి పోయింది, నోరు పోలేదు. మామ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. మోకాలిలోతు బురదలో వరసగా వంగిన ఇరవైమంది ఆడవాళ్ళ మధ్య నారు గుచ్చుతూ కథలు చెప్పేది. ఒక కథ ఈ గట్టున మొదలైతే, తిరిగి చెప్పడం ఆ గట్టు దగ్గర అయ్యేది. సంచి ఉన్నప్పుడు కూడా ఆవిడకి అంతమంది వినేవాళ్ళు దొరకలేదు. ఇస్సాకు మావయ్య మళ్ళీ ఇల్లు వేసుకున్నప్పుడు గుంటలో తనే దిగి, నీళ్ళు తన నడుం తాకేదాకా తవ్వాడు. పక్కన తలకి గుడ్డ చుట్టుకుని మామ్మ నిలబడి, "ఇంకో జానెడు" అంటూనే ఉంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. తాటాకు కప్పేవాళ్ళు లేరు, తాటిమాను కొస కాల్చే నిప్పుల గుంటలు లేవు, తెల్లచీరతో ఊళ్ళు తిరిగే బైబిలు స్త్రీలూ లేరు. రొట్టె రోజూ మా వీధి చివర కొట్లోనే దొరుకుతోంది, జ్వరం అక్కర్లేదు. నేను మాత్రం ఆదివారం బడిలో పిల్లలకి ఆ కథ మామ్మ చెప్పినట్టే చెబుతున్నాను. మొన్నామధ్య సంఘంలో ఒకాయన ఇంటికొచ్చి, మీ వయసుకి గౌరవమే గానీ గ్రంథంలో ఉన్నట్టు చెబితే బాగుంటుందండీ అన్నారు. టీ ఇచ్చి పంపాను.

పోయిన ఆదివారం కథ అయ్యాక, పక్క స్థలంలో ఇటుకలు మోసే వాళ్ళ పిల్లను తిరిగి చెప్పమన్నాను. ఎనిమిదేళ్ళుంటాయేమో. లేచి, చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. తెలివైనవాడు పెద్ద మిషను తెప్పించాడంట, నల్లమన్ను వచ్చినా, నీళ్ళొచ్చినా ఆపకుండా లోపలికి, ఇంకా లోపలికి తవ్వించి, ఇనప చువ్వలు దింపాడంట.

నిట్రాడు ఏదే అని అడగబోయాను. ఆ పిల్ల నిట్రాడును ఎన్నడూ చూడలేదు. చూడనిదాన్ని నేను చెప్పాను, తను చూసినదాన్ని పెట్టుకుంది. నా నోటిదాకా వచ్చిన మాట అయ్యగారిదేనని తెలిసి సిగ్గుపడ్డాను.

దిద్దలేదు. వచ్చే వారం మిషనుతోనే చెబుతాను. ఎవరైనా వస్తే రానివ్వండి, కుర్చీ లాక్కుని కూర్చోవడం నాకూ వచ్చు.